నాడెతో కొట్టిన దెబ్బ

అప్పుడు నాకు ఆరేళ్లని, అమ్మకు తొమ్మిదో నెలని ఖచ్చితంగా తెలుసు. తమ్ముడి నుదుటి ఎర్రమచ్చ నా దెబ్బవల్లే వచ్చిందన్నది మాత్రం అవ్వ చెప్పిన మాట.

ఈరోజు స్కానింగ్ గదిలో నేను పరీక్షిస్తున్న ఒక నిండు గర్భిణి పొట్టపై ఎర్రని చారలు చూడగానే, ధర్మవరంలోని మా మగ్గం గుర్తొచ్చింది. ఆ రోజు, నేసిన చీర చుట్టుకునే కర్ర పొట్టకు ఒత్తుకుంటుంటే, అమ్మ మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, అలాంటి చారలకే ఆముదం రాసుకుంటోంది.

"ఆ గీతలేందవ్వా?" అని అడిగాను.

"లోపలుండేది పులిబిడ్డ మే! గోళ్లతో గీరుతాండాడు," అని అవ్వ నవ్వింది.

అంతలో పొట్ట ఒకవైపు మడమంత ఎత్తున పొడుచుకొచ్చింది. అమ్మ "అబ్బా!" అంటూ పక్కటెముకలు పట్టుకుంది. నేను పోగు విసిరే నాడె అందుకుని, "మాయమ్మను చంపుతావా!" అంటూ ఆ ఎత్తు మీద బలంకొద్దీ కొట్టాను. అమ్మ కేక వేసి ముందుకు ఒరిగింది. అవ్వ నన్ను జుట్టు పట్టి ఈడ్చి, పెదవి చిట్లేలా కొట్టింది.

తర్వాత అవ్వ పొట్టపై అరచేయి ఆనించి, "కదులు నాయనా, కదులు," అని బతిమాలుతూ కూర్చుంది. నా నోట్లో రక్తం ఉప్పగా ఉంది. చాలాసేపటికి ఆమె చేతికి ఒక తన్ను తగిలింది.

"ఉండాడే, ఉండాడు!" అని అవ్వ ఏడ్చింది.

చారలు చర్మం సాగడంవల్ల వస్తాయని, తమ్ముడి నుదుటి మచ్చలాంటి పుట్టుమచ్చలకు దెబ్బలు కారణం కావని ఇప్పుడు నాకు తెలుసు. కానీ తమ్ముడు అంతసేపు కదలకపోవడం నా దెబ్బవల్లా, నిద్రవల్లా? కడుపులోని బిడ్డలు నిద్రపోతారు. ఆ గుండె చప్పుడు వినగల సాధనం ఆ రోజు మా ఇంట్లో లేదు. అందుకే తేల్చలేను.