మూడో ఆదివారం తాత నోరు జారిన వైనం

మా తాత కత్‌బర్ట్ ఆలన్‌బీ పని చేసినన్నాళ్ళూ ఇంగ్లండులో టైన్ నది వెంబడి బస్సు నడిపాడు. బడిలో ఆయన చదివింది నాకంటే తక్కువ. నేను చదివిందే అంతంతమాత్రం. ఎవరో బస్సులో మరిచిపోయి, మళ్ళీ అడగడానికి రాని అట్టలేని నిఘంటువు ఒకటి ఆయన్ని పాడుచేసింది. అప్పటినుంచి ఎవరూ వాడని పాత ఇంగ్లీషు మాటలు ఏరుకొచ్చి, ఒక్కోదాని లాటిన్ వేరు తవ్వి చూపించనిదే ఆయనకు తిన్నది అరగదు.

పొద్దున్నే గుడ్డు ఉడికిస్తే అది 'జెంటాక్యులర్' వ్యవహారం. రోమన్లు పొద్దుటి తిండిని 'జెంటాక్యులం' అనేవారట. ఆ కథ ముగిసేలోపు గుడ్డు రాయయ్యేది. ఎదురింటావిడ కర్టెను కదిలితే చాలు, ఆవిడ 'క్విడ్‌నంక్'. లాటిన్‌లో 'ఇప్పుడేంటి?' అని అర్థం, ఊళ్ళో ప్రతి కబురూ కావలసిన మనిషన్నమాట. ఆవిడ ఎదురుపడితే నవ్వాపుకోలేక నేను వీధి మారేవాణ్ణి.

నానమ్మ పోయిన కొన్నేళ్ళకు తాత, రొట్టెల కొట్టు హిల్డా రాబ్సన్‌ని పెళ్ళాడతానన్నాడు. ఆవిడా భర్త పోయిన మనిషే. నన్నెందుకు చేసుకుంటానంటున్నావని ఆవిడ అడిగితే, ఈయన 'అక్సోరియస్' అనే మాట ఎత్తుకున్నాడు. లాటిన్‌లో 'ఉక్సోర్' అంటే భార్య, భార్యంటే మరీ ప్రాణం పెట్టేవాణ్ణి అలా అంటారని వివరించాడు. హిల్డా మామ్మ మొదట నవ్వింది. తర్వాత నవ్వలేదు.

"రోమన్ల గొడవ నాకెందుకయ్యా, నీ సంగతి చెప్పు. చర్చిలో మన పేర్లు మూడోసారి చదివేలోగా మామూలు మాటల్లో చెప్పు. చెప్పలేకపోతే నీ పుస్తకం నీది, నా కొట్టు నాది."

మా దగ్గర పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో జంట పేర్లు చదివి, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. తాతకు నిద్ర పట్టలేదు. నన్ను కూర్చోబెట్టుకుని అభ్యాసం చేశాడు. టీ కెటిలుకు తొడిగే ఉన్ని టోపీ నెత్తిన పెట్టుకుని నేనే హిల్డా మామ్మనయ్యాను. "ప్రేమ" దాకా బాగానే వచ్చేవాడు. అక్కణ్ణుంచి జారి లాటిన్ ప్రేమ "అమోర్"లో పడేవాడు.

రెండు ఆదివారాలు గడిచిపోయాయి. మూడో ఆదివారం పాదరీ బ్లెంకిన్‌సాప్ గారు ఇద్దరి పేర్లూ చదివి, ఈ పెళ్ళికి ఏదైనా 'ఇంపెడిమెంట్', అంటే అడ్డంకి, ఎరిగినవారు ఇప్పుడే చెప్పాలని అడిగి ఆగారు. ఆ క్షణంలో మా చర్చిలో ఎవరూ దగ్గరు కూడా. దగ్గితే పదిమంది తిరిగి చూస్తారు.

ఆ నిశ్శబ్దంలో మా తాత లేచి నిలబడ్డాడు.

"ఇంపెడిమెంటంటే అసలు కాళ్ళకు బంధం వెయ్యడం," అన్నాడు. "పాదాన్ని లాటిన్‌లో..."

కోటు పట్టి లాగాను. అప్పటికే ఆలస్యమైపోయింది. పాదరీ గారు కళ్ళజోడు తీశారు.

"ఆలన్‌బీ గారూ, మీ పెళ్ళికి మీరే అభ్యంతరం చెబుతున్నారా?"

ఆయన హాస్యానికి అడగలేదు. అవునంటే ప్రకటన అక్కడితో ఆగిపోతుంది. ముందు బెంచీలో హిల్డా మామ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ చెయ్యి హ్యాండ్‌బ్యాగు మీదికి పోయింది.

తాత పైకప్పు వంక చూశాడు. అక్కడ ఏ వేరూ దొరికినట్టు లేదు.

"లేదండీ, అడ్డేం లేదు," అన్నాడు చివరికి. "సాయంత్రం ఆవిడ కొట్టు కట్టేసి ఇంటికెళ్ళిపోతుంటే నాకు దిగులేస్తుంది. స్టూ వండితే చెయ్యి దానంతటదే ఇద్దరికి వండేస్తోంది. ఒక్కణ్ణీ తినలేకపోతున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుంటే బావుంటుంది. అంతే."

ఇప్పుడొస్తుంది లాటిన్ అని నేను కళ్ళు మూసుకున్నాను. రాలేదు.

హిల్డా మామ్మ హ్యాండ్‌బ్యాగు తీసుకుని లేచింది. తలుపువైపు కాకుండా మా బెంచీ దగ్గరికొచ్చి, నన్ను జరగమని తాత పక్కన కూర్చుంది.

"విన్నాను. నాతోపాటు ఊరంతా వింది," అంది ఆయనతో. తర్వాత పాదరీ గారి వైపు తిరిగి, "మళ్ళీ మొదట్నుంచి చదవండయ్యా," అంది.

ఆయన చదివారు. ఆ ప్రశ్న దగ్గరపడుతుండగా ఆవిడ బ్యాగులోంచి పెద్ద టాఫీ ఒకటి తీసి, కాగితం విప్పి తాత నోట్లో పెట్టేసింది. చర్చి నిశ్శబ్దమైంది. తాత కళ్ళలో ఏదో మాట గిలగిల్లాడింది గానీ, పళ్ళు విడివడితే కదా.