లేని దగ్గుతో రాసిన చిరునామాలు

బస్సు టైరు పంక్చరై రోడ్డు వారన ఆగిపోయింది. ఏ దేశపు రోడ్డు మీదైనా ఇంతే, టైరు విప్పేవాడు ఒక్కడు, ఎలా విప్పాలో చెప్పేవాళ్లు నలభైమంది. ఆ గోల పట్టకుండా టైలరమ్మ మైలురాయి మీద కూర్చుని ఫోనులో ఎవరికో లాయరు చిరునామా చెబుతోంది. "కాగితాల్లో పేరు మార్పించుకోవాలంటే ఆవిడ దగ్గరికే వెళ్లు తల్లీ. నవ్వదు, నీతులు చెప్పదు."

ఫోను పెట్టేసరికి ఎదురుగా ఒక పెద్దమనిషి చేతులు నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు.

"అమ్మా, మీ మాటలు చెవిన పడ్డాయి. మావాడు... అమ్మాయినంటున్నాడు. రెండు నెలలుగా గదిలోంచి రాడు. అంతకుముందు ముగ్గురు డాక్టర్లు తిట్టి పంపేశారు. మీకు తెలిసినవాళ్లెవరైనా..."

జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది. గొంతు మాత్రం అదే. ఆరేళ్ల కిందట ఆసుపత్రి హాల్లో ఆమె వదిలేసిన పాత మగ పేరును మూడుసార్లు పిలిచి, "ఆడవాళ్ల లైనా, మగవాళ్ల లైనా? గట్టిగా చెప్పు, అందరూ వినాలిగా!" అన్న కాంపౌండరు గొంతు. హాలంతా నవ్వింది. నడుము నొప్పితో వెళ్లిన మనిషి మందు లేకుండానే ఇంటికొచ్చి, మూడు రోజులు గోడ పట్టుకుని నడిచింది.

నాలుగో రోజు ఒక నోటుపుస్తకం కొన్నది. అప్పట్నుంచి ఊళ్లో ఉన్న ఆసుపత్రులన్నిటికీ లేని దగ్గు తెచ్చుకుని వెళ్లేది. ఏ పేరుతో పిలిచారు, ఎక్కడ కూర్చోమన్నారు, డాక్టరు మొహం చూసి మాట్లాడాడా లేదా అన్నీ గమనించేది. నెగ్గినవాళ్లు పుస్తకంలోకి ఎక్కారు. తప్పినవాళ్ల సంగతి జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన ప్రతి ఆడమనిషి చెవిలోనూ వేసింది. ఆ కాంపౌండరు పనిచేసే ఆసుపత్రితోనే మొదలుపెట్టింది. ఏడాది తిరక్కుండా అక్కడి బెంచీలు ఖాళీ అయ్యాయి.

"ఎవరికి డాక్టరు?" అంది.

"మావాడికమ్మా."

"వాడికైతే నా దగ్గర ఎవరూ లేరు."

అతను నేల చూపులు చూశాడు. "మా... అమ్మాయికి."

"గట్టిగా చెప్పండి, అందరూ వినాలిగా."

ఆ మాట ఎక్కడిదో అతనికి గుర్తొచ్చింది. "మా అమ్మాయికి!" అని అరిచాడు. టైరు చుట్టూ ఉన్న జనం తలలు తిప్పారు. ఎవడో కిసుక్కున నవ్వాడు.

"ఇంకోసారి."

ఈసారి గొంతు పగిలేలా అరిచాడు. టైలరమ్మకు ఆరేళ్ల తర్వాత కడుపు నిండినట్టయింది.

"ఫోను కలపండి. మీతో చెప్పను, పిల్లతోనే చెబుతా."

అటునుంచి సన్నగా హలో వినిపించింది. "ఏం పేరు పెట్టుకున్నావమ్మా?" అని అడిగింది టైలరమ్మ. పేరు చెప్పింది పిల్ల. ఆ పేరుతోనే పిలుస్తూ డాక్టరమ్మ ఉండే వీధి, లాయరు నంబరు, ఆదివారాలు తమలాంటివాళ్లు కలుసుకునే సైకిలు షాపు మేడగది, అన్నీ నిదానంగా రాయించింది. "మీ నాన్న వెంట వస్తానంటే రానీ. డాక్టరు గదిలోకి మాత్రం తీసుకెళ్లకు. హాల్లో కూర్చోబెట్టు, ఎలా ఉంటుందో తెలుస్తుంది."

ఫోను అందుకుంటూ అతను గొణిగాడు. "అమ్మా, ఆ రోజు నేను..."

"మీ ఆసుపత్రికి జనం రాకుండా చేసింది నేనే. అందుకు నన్ను క్షమించమని అడగను. మీరూ నన్ను అడక్కండి."

టైరు బిగించారు. హారన్ మోగింది. జనం తోసుకుంటూ ఎక్కారు. తర్వాతి ఊరు రెండు మైళ్లు. ఆ గొంతు వింటూ కూర్చోవడం కంటే నడకే నయమనుకుందేమో, టైలరమ్మ సంచి భుజాన వేసుకుని రోడ్డెక్కింది. ఒక్క మాట కోసం అతను మెట్టు మీదే నిలబడ్డాడు. ఆమె వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.