ఆ గురువారం నేను చూపించిన రాహుకాలం

మొన్న దంత కళాశాల క్లినిక్కులో, ఆఖరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ముందు నోరు తెరుచుకుని పడుకున్నాను. నా పై పళ్ళ సెట్టు తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "నాన్నా, ఇది నువ్వే కట్టుకున్నావు కదూ?" అంది. తల ఊపాను. ఆ పళ్ళు దాని చేతిలో చూడగానే, కరోనా రోజుల్లోని ఒక గురువారం గుండెలో గుచ్చుకుంది.

ఒకప్పుడు బజార్లలో పళ్ళు కట్టేవాళ్ళు మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటారు. తెనాలిలో ముప్పయ్యేళ్ళు నేనూ ఆ పని చేశాను. ఎనిమిదో తరగతితో బడి మానేసినా, పాత పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి, అచ్చు తీయడం, మైనంలో పళ్ళు పేర్చడం నాకు నేనే నేర్చుకున్నాను. నేను కట్టిన పళ్ళతో చెరుకు నమిలినవాళ్ళున్నారు! అలాంటిది, పట్టా ఉన్న డాక్టరొకాయన ఫిర్యాదు చేసి, నడిబజారులో పదిమంది చూస్తుండగా నా బోర్డు దింపించాడు. ఆ మేకులు ఊడిన చప్పుడు నేనింకా మరిచిపోలేదు.

మా ఆవిడ పోయాక తెనాలి వదిలి, ఈ పరాయి దేశంలో, లీక్స్‌లిప్ అనే ఊళ్ళో ఉంటున్న అమ్మాయి దగ్గరికి వచ్చాను. నెలలు తిరక్కుండానే విమానాలు ఆగిపోయాయి. అమ్మాయీ అల్లుడూ వంటింటి బల్లకి చెరో కొసన కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవారు, మనవరాళ్ళిద్దరికీ మేడ మీద కంప్యూటర్లోనే బడి. ఆ గోలలోనే, నలభై ఒకటో ఏట, మా అమ్మాయి పళ్ళ డాక్టరు చదువుకి దరఖాస్తు పెట్టి, పరీక్ష రాసి, సీటు తెచ్చుకుంది. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని మైనంలో పళ్ళు పేర్చేది. ఆ ఆశ చావలేదట.

నేను పొంగిపోవాలి కదా? ఒళ్ళు మండింది. నా బోర్డు దింపినవాళ్ళ వరసలో నా బిడ్డ కూర్చుంటుందా అనిపించింది. పైకి మాత్రం, ఉద్యోగం మానేస్తే సంసారం ఎలా సాగుతుంది, పిల్లల్ని ఎవరు చూస్తారు అన్నాను. వారమంతా తర్జనభర్జన పడి, ఆఖరి రోజైన గురువారం మధ్యాహ్నం మూడింటికి, "చదువుకోనీండి మావయ్యా, ఇల్లు నేను లాక్కొస్తా" అన్నాడు అల్లుడు. ఐదులోగా కంప్యూటర్లో సీటు ఒప్పుకోవాలి.

మా ఆవిడ పెంపకంలో అమ్మాయి రాహుకాలంలో కొత్త పని మొదలుపెట్టదు. నేనేమో జీవితమంతా ఆ ఇద్దర్నీ ఎగతాళి చేసినవాణ్ణి. గోడ మీది తెలుగు క్యాలెండరు ప్రకారం మూడింటికే రాహుకాలం అయిపోయింది. కాని నేను అడ్డుపడ్డాను. అది మన దేశపు లెక్కమ్మా, ఇక్కడి పగలు పెద్దది కదా అంటూ కాగితం తీసి, ఇక్కడి సూర్యోదయం సూర్యాస్తమయం పట్టి పగటిని ఎనిమిది భాగాలు చేసి, ఐదుకి పన్నెండు నిమిషాల ముందు దాకా ఆగాలని తేల్చాను. లెక్కలో తప్పు లేదు, బుద్ధిలో ఉంది.

"నువ్వే చెప్తున్నావంటే ఆగాల్సిందే నాన్నా" అని అది నవ్వుతూ కూర్చుంది. తీరా సమయానికి ఆ పేజీ ఎంతకీ తెరుచుకోలేదు. ఐదు దాటింది. తర్వాత ఎన్ని ఉత్తరాలు రాసినా, సీటు ఇంకొకరికి వెళ్ళిపోయిందన్నారు. మా పెద్ద మనవరాలు వాళ్ళమ్మ మెడ చుట్టూ చేతులేసి, "యూ విల్ బి గ్రాండ్, మామ్! నెక్స్ట్ ఇయర్" అంది, ఏం ఫరవాలేదమ్మా అనడానికి ఇక్కడివాళ్ళ మాట అది. నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

మరుసటేడు మళ్ళీ పరీక్ష రాసి, మళ్ళీ సీటు తెచ్చుకుంది. ఒక ఏడు మాత్రం నేను తినేశాను, ఆ వయసులో ఏడంటే మాటలా! ఇన్నేళ్ళలో ఒక్కనాడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. పైగా మొన్న ఆ పళ్ళు కడుగుతూ, "నువ్వు ఆపబట్టే నాన్నా, మంచి ఘడియలో మొదలైంది నా చదువు" అంది. వాళ్ళ మేష్టారు వచ్చి ఆ సెట్టు చూసి, ఎవరు చేశారని అడిగితే, మా నాన్న అని గర్వంగా చెప్పింది. ఆయన మెచ్చుకున్నాడు కూడా. ముప్పయ్యేళ్ళు ఎదురుచూసిన ఆ మెప్పు నాకు చేదుగా తగిలింది.

పళ్ళు బిగించాక, "ఏదైనా మాట్లాడు నాన్నా, చూద్దాం" అంది. సెట్టు కుదిరిందో లేదో చూడటానికి నేను అందరితో అనే మాటే అది, నా దగ్గరే నేర్చుకుంది. అప్పట్లో ఆ మాట అనగానే జనం చెక్క కుర్చీలో కూర్చునే కష్టసుఖాలన్నీ వెళ్ళబోసుకునేవారు. ఇప్పుడా బజారు లేదు, నా బోర్డు లేదు. చుట్టూ తెల్లటి దీపాలు, తొడుగుల చేతులు, మాస్కు పైన మా అమ్మాయి కళ్ళు.

"బాగా కుదిరాయమ్మా" అన్నాను.