ఏడో సీసాలో ఉప్పు

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. పరిశోధన కేంద్రంలో అందరికీ ఆమె సీసాలక్క. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన డైరెక్టరు కూడా అక్కా అనే పిలుస్తాడు. "నన్ను అక్కా అంటే మీ వయసు తగ్గుతుందా సార్?" అని ఆమె దెప్పితే, "ప్రయత్నం చేస్తే పోయేదేముంది?" అంటాడాయన.

పద్దెనిమిదేళ్లుగా ప్రతి మంగళవారం పొద్దున్నే అడవిలోకి వెళ్లి, పదహారు చెట్ల కింద గరాటు బిగించిన సీసాల్లో చేరిన వాననీళ్లు తేవడం ఆమె పని. గాలిలోని పొగనూ దుమ్మునూ ఆకులు పట్టి ఉంచుకుంటాయి. వాన వాటిని కడుగుతుంది. ఆ కడిగిన నీళ్లను పరీక్షిస్తే గాలి అడవిని ఏం చేస్తోందో తెలుస్తుంది.

పరీక్షించేది చిన్న మేడమ్. రెండేళ్ల బిడ్డ తల్లి. బిడ్డ దగ్గితే కిటికీ మూస్తుంది, ఉక్కపోస్తే తెరుస్తుంది, తెరిచాక మళ్లీ దగ్గుతాడేమోనని మూస్తుంది. ఆ రోజు ఆమె సీసాలక్కను కంప్యూటర్ ముందుకు లాక్కెళ్లింది.

"చూడక్కా, ఏడో సీసా. మూడు నెలలుగా ఉప్పు ఎక్కుతూనే ఉంది. ఆ చెట్టు కొత్త రోడ్డు వైపే కదా? ఆ దుమ్మే అయ్యుంటుంది. శుక్రవారం రిపోర్టులో రాసేస్తున్నా."

అది రోడ్డు కాదని సీసాలక్కకు తెలుసు.

ఏడో చెట్టు వాలులో ఉంది. మోకాళ్ల మీద కూర్చుని సీసా మార్చాలి, చేతి తొడుగులు తీసి చీటీ మీద నంబరు రాయాలి, లేవాలి. మోకాలి నొప్పితో మూడు నెలల నుంచీ ఆ లేవడమే గగనమైపోయింది. చెట్టు మాను చేతికందేంత దూరంలోనే ఉంది. కానీ దాని బెరడు మీద బూడిదరంగు మచ్చల్లా లైకెన్ అనే నాచులాంటిది పెరుగుతోంది. గోరంత ఎదగడానికి దానికి ఏళ్లు పడతాయి, గాలి చెడితే ముందు పోయేదీ అదే. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషుల్ని కూడా దానికి ఆనుకోనివ్వదు సీసాలక్క. అందుకని చెయ్యి గరాటు అంచు మీదికి పోయింది. చెమట పట్టిన వట్టి చెయ్యి. వారం వారం.

చెబితే ఏమవుతుందో తెలుసు. నడుం పట్టేసిన పాత అటెండరును సీసాలు కడిగే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మంగళవారం వస్తే అతను బడి మానిపించిన పిల్లాడిలా కిటికీలోంచి అడవివైపు చూస్తుంటాడు. చెప్పకపోతే అడిగేవాళ్లెవరు? అడవి నోరు విప్పదు కదా!

బయటికి వచ్చి, కడిగిన సీసాలనే మళ్లీ కడుగుతూ నిలబడింది. లోపల చిన్న మేడమ్ ఫోన్‌లో మాట్లాడుతోంది.

"వాణ్ని బయటికి తీసుకెళ్లకండి అత్తయ్యా... పార్కు కూడా వద్దు. ఏడిస్తే ఏడవనీండి, ఆ రోడ్డు దుమ్ము పీల్చడం కంటే నయం."

సీసాలక్క కుళాయి కట్టేసి, తడి చేతులతోనే లోపలికి వచ్చింది.

"అది రోడ్డు కాదమ్మాయ్. నా చెయ్యి."

అంతా చెప్పింది. ఎప్పుడు మొదలైందో కూడా చెప్పింది: గాలివాన వచ్చిన తర్వాతి మంగళవారం. చిన్న మేడమ్ గ్రాఫు వెనక్కి జరిపి చూసింది. గీత సరిగ్గా ఆ మరుసటి వారమే పైకి లేచింది. అయినా నమ్మకం కుదరక, సీసాలక్క చేతిని శుద్ధమైన నీళ్లతో కడిగించి, ఆ నీళ్లను యంత్రంలో పెట్టింది.

అంకె చూసి సీసాలక్క నోరు తెరిచింది. "ఇంత ఉప్పా! కూరలో ఉప్పెక్కువైందని మా ఆయన సణిగితే ఆయన నాలుకనే తిట్టాను."

చిన్న మేడమ్ పదమూడు వారాల ఏడో సీసా లెక్కలు కొట్టేసి, పక్కన కారణం రాసింది.

"మోకాలి సంగతి ముందే చెప్పొచ్చుగా అక్కా?"

"చెబితే బల్ల దగ్గర కూర్చోబెడతారుగా."

"మరి ఇప్పుడెందుకు చెప్పావ్?"

"నా చెమటకి జడిసి నీ కొడుకుని ఇంట్లో కట్టేశావు కాబట్టి. వాణ్ని పార్కుకి పంపించవే తల్లీ. రోడ్డు సంగతి సీసాలు నిజంగా చెప్పిన రోజున చూసుకుందాం."

డైరెక్టరు విని, ఆమెను బల్ల దగ్గర కూర్చోమనలేదు. ఇకనుంచి ఒంటరిగా వెళ్లొద్దని మాత్రం అన్నాడు.

తర్వాతి మంగళవారం ఇద్దరూ వెళ్లారు. మొదటి ఆరు సీసాలూ సీసాలక్కే మార్చింది. ఏడో చెట్టు దగ్గర చిన్న మేడమ్ మోకాళ్ల మీద కూర్చుంది. సీసాలక్క పెన్సిలు పట్టుకుని నిలబడి, తల పూర్తిగా వెనక్కి వాల్చి పైకి చూస్తోంది.

"ఏం చూస్తున్నావక్కా?"

"పద్దెనిమిదేళ్లుగా దీని కాళ్ల దగ్గర కూర్చుని లేచి పోవడమే. మొహం ఇవాళే చూస్తున్నా."

"బాగుందా?"

"బాగుంది గానీ, నువ్వు గరాటు సంగతి చూడు."