తాతారావు అడిగి తెచ్చుకున్న మినహాయింపు

పెడనలో కలంకారీ అద్దకం పని చేసే తాతారావుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. రెండు వేల రెండులో అయితే అది అక్కణ్ణుంచి దిగనే లేదు. దిగేదెలా? కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డ ఎండలో బాగా ఆరితేగాని అచ్చు వేయడానికి పనికిరాదు. ఆయన ఇలా ఆరేయడం, పక్కన కొత్తగా వెలిసిన ఉప్పుడు బియ్యం మిల్లు అలా ఊక బూడిద ఊదడం. బూడిద పడ్డచోట రంగు పట్టదు. దులిపితే మరక, ఉతికితే పని మళ్ళీ మొదటికొస్తుంది. దుప్పట్ల ఆర్డరు మచ్చలున్నాయని రెండుసార్లు వెనక్కొచ్చింది. ఇంకోసారి వస్తే అచ్చులు అటకెక్కించాల్సిందే.

మిల్లు యజమాని ధనుంజయ్ మర్యాదస్తుడే. "గాలి నా చేతిలో ఉందా, బాబాయ్?" అంటూ కాఫీ ఇప్పించేవాడు. తాతారావు ఆ కాఫీ తాగి, దారి పొడవునా తిట్టుకుంటూ ఇంటికొచ్చి, బందరులోని కాలుష్యం ఆఫీసుకి మరో అర్జీ పెట్టేవాడు. వెళ్ళి అడిగితే సారు ఎప్పుడూ క్యాంపులోనే.

ఎట్టకేలకు ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బూడిద చూశాడు, తుమ్మాడు, ఫైలు తిరగేశాడు.

"పొగ నిబంధనలు మిల్లుకి వర్తించవండీ. కొత్తగా పెట్టే చిన్న పొయ్యిలకీ బాయిలర్లకీ మినహాయింపు ఉంది. వాళ్ళు పెద్ద బాయిలరు ఒక్కటి పెట్టకుండా చిన్నవి నాలుగు పెట్టుకున్నారు."

"ఎవడండీ ఆ మినహాయింపు తెచ్చిన మహానుభావుడు?"

"మీ అద్దకం సంఘమేనండీ. అర్జీలో మొదటి సంతకం మీదే."

నాలుగేళ్ళ కిందట సంఘం షెడ్డులో రంగు కాచే రాగి కాగుల కింద కొత్త పొయ్యిలు కట్టినప్పుడు, పొగ ఎక్కువని నోటీసులొచ్చాయి. తాతారావే అందరినీ వెంటేసుకుని హైదరాబాదు వెళ్ళి మినహాయింపు సాధించాడు. అద్దకం వాళ్ళకే అంటే ఇవ్వరేమోనని, అందరికీ అని రాయించిన తెలివీ ఆయనదే. ఊళ్ళో దండలు కూడా వేయించుకున్నాడు.

"రద్దు చేయమని రాసివ్వండి, పంపిస్తాను. కాకపోతే అందరికీ రద్దవుతుంది. మీ కాగు కూడా ఆపాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నా కాగూ ఆ మిల్లూ ఒకటేనటండీ?"

"కాగితం మీద ఒకటేనండీ."

తాతారావుకి ఒళ్ళు మండిపోయింది. తిడదామంటే ఎవర్ని తిట్టాలి? కాగు దగ్గర నిలబడి అంతా వింటున్న భార్య సీతారావమ్మ, బిందెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో కుమ్మరించింది.

"ఆగవే! గుడ్డలు ఉడుకుతున్నాయి!"

"ఉడికితే ఏం లాభం? వీటిని ఎక్కడ ఆరెయ్యమంటారో చెప్పండి!"

తాతారావు ఇన్‌స్పెక్టరు జేబులోంచి పెన్ను తనే లాక్కున్నాడు.

"ఎక్కడ పెట్టాలండీ సంతకం? ఈసారి కూడా మొదటిది నాదే."