ఎడమ కాలు చెప్పే మాట

మండవల్లి దగ్గర మా చేపల చెరువులో పట్టుబడి పెట్టుకున్న రోజున నా జబ్బు బయటపడింది. పట్టుబడి అంటే ఎదిగిన చేపని వల వేసి లాగడం. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చేపకి ఊపిరాడాలని అప్పుడు కూడా తిరుగుతూనే ఉంటాయి. వాటి వైరు ఎక్కడైనా చిట్లితే కరెంటు నీళ్లలోకి వస్తుంది. అందుకని మనుషులు దిగేముందు ఎవరో ఒకరు గట్టు మీద కూర్చుని ఒక కాలు నీళ్లలో పెట్టి చూస్తారు. జివ్వుమంటే ఎవరూ దిగరు. ఇది మంచి పద్ధతి కాదని అందరికీ తెలుసు, అయినా అందరూ చేస్తారు. మా చెరువు మీద పాతికేళ్లుగా ఆ కాలు నాది. ఎడమ కాలు. టెస్టరు షెడ్డులోనే ఉండేది గానీ దానికన్నా నా కాలికే మర్యాద ఎక్కువ. ఆ గొప్ప నాకూ బాగానే ఉండేది.

ఆ ఉదయం కాలు పెట్టాను. ఏమీ అనిపించలేదు. "దిగండి, ఏం లేదు" అన్నాను. నా బావమరిది సత్తిబాబు ముందు దిగాడు. మోకాలి లోతుకి వెళ్లి అక్కడే నిలబడిపోయాడు. నోరు తెరిచి నా వైపే చూస్తున్నాడు, మాట రావడం లేదు. నా కాలు ఇంకా అవే నీళ్లలో ఉంది. నాకు కరెంటు సంగతి అటుంచి, నీటి చల్లదనం కూడా తెలియడం లేదు. ఎవరో పరిగెత్తి స్టార్టరు ఆపేశారు. సత్తిబాబుని లాగి గట్టు మీద పడుకోబెట్టారు. కాసేపటికి ఊపిరి అందుకుని అతను అన్న మొదటి మాట ఇది.

"మీకు తెలియలేదా బావగారూ?"

తెలియలేదని చెప్పాను. నమ్మాడో లేదో. ఆ రోజంతా నేను అతని మొహం వైపు చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ మంగ నా కాలు పైకెత్తి చూసింది. బొటనవేలి కింద ఆనికాయ పగిలి, లోపల నత్తగుల్ల ముక్క దిగి ఉంది. చుట్టూ తెల్లగా నాని వాసన వస్తోంది. ఎన్నాళ్ల నుంచండీ ఇది అని అడిగింది. నాకేం తెలుసు? అది నా కాలే అయినా పరాయివాళ్ల కాలు చూస్తున్నట్టు అనిపించింది.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మగారు నన్ను కళ్లు మూసుకోమని, గాలం దారం లాంటి నైలాను పోగుతో అరికాలంతా పొడిచి చూశారు. దాన్ని మోనోఫిలమెంట్ టెస్ట్ అంటారట. తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. నేను చెప్పడానికి సిద్ధంగా కూర్చున్నాను, టెస్ట్ అయిపోయిందన్నారు. షుగరు పదేళ్లుగా ఉంది, మాత్ర గుర్తొచ్చిన రోజున వేసుకునేవాణ్ణి. ఆ నిర్లక్ష్యానికి పేరు డయాబెటిక్ న్యూరోపతీ అని, అంటే కాలి నరాలు దెబ్బతినడమని, అప్పుడే తెలిసింది.

"నొప్పి లేకపోవడమే మీ జబ్బండి" అన్నారావిడ.

డీబ్రైడ్‌మెంట్ చేసి కుళ్లిన కండ తీశారు. ఇన్సులిన్ మొదలైంది. బరువు పుండు మీద పడకుండా ఆఫ్‌లోడింగ్ బూటు ఇచ్చారు. నేనూ మంగా ఏలూరులో మా చెల్లెలి ఇంట్లో ఉండిపోయాం, చెరువు సత్తిబాబు చూసుకున్నాడు. రెండు నెలలైనా అల్సర్ అలాగే ఉంది. పైగా జ్వరం వచ్చి, కాలు వాచి, ఇన్‌ఫెక్షన్ అని మళ్లీ చేర్చుకున్నారు. ఎముకలోకి పాకితే పాదం ముందు భాగం ఆంప్యుటేషన్ చేయాల్సి రావచ్చని డాక్టరమ్మగారు మెల్లగా చెప్పారు. చెరువు గట్టు మీద సగం పాదంతో నడవడం ఎలాగో ఊహించుకోబోయి భయమేసి మానుకున్నాను.

ఇన్‌ఫెక్షన్ తగ్గాక, అక్కడే రీసెర్చ్ చేస్తున్న ఒక డాక్టరుగారు నా మంచం దగ్గరికొచ్చారు. గాయం అంచున ఒంట్లోనే సన్నని కరెంటు పుడుతుందట, కొత్త కణాలకి దారి చూపించేది అదేనట. పైనుంచి మరికొంచెం ఇస్తే మానని పుండు మానుతుందేమో చూస్తున్నామన్నారు. ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్. కొయ్యడం లేదు, సూది లేదు, చర్మం మీద ప్యాడ్లు అంటిస్తారంతే. సగం మందికి నిజం మెషీన్, సగం మందికి డమ్మీ. ఎవరికేది పడిందో తనకీ తెలియదన్నారు. కరెంటు పేరెత్తగానే మంగ నా మొహంలోకి చూసింది. నేను సంతకం పెట్టేశాను.

రోజు విడిచి రోజు వెళ్లేవాణ్ణి. పెట్టె మీద పచ్చ లైటు వెలిగేది, నాకేమీ తెలిసేది కాదు. మూడోవారంలో మొదలైంది. మధ్యాహ్నం భోజనం చేసి చెల్లెలి వసారాలో పడుకుంటే ఎడమ కాలు చీలమండ దాకా నీళ్లలో ఉన్నట్టుండేది. మంగ తడిమి చూసి పొడిగానే ఉందండీ అనేది. ఆ లేని నీళ్లలో ఒకరోజు జివ్వుమంది. పాతికేళ్లుగా నాకు తెలిసిన జివ్వుమనడమే. వెంటనే సత్తిబాబుకి ఫోన్ చేశాను. ఇప్పుడే ఏరియేటర్లు వేశానన్నాడు. మర్నాడూ అంతే, ఆ పై వారమూ అంతే. మీకెలా తెలుస్తోంది బావగారూ అన్న అతని గొంతులో భయం వినిపించింది. నాకు మాత్రం సంతోషంగా ఉంది. నా కాలు నాకొచ్చేసిందనుకున్నాను. నాలుగోసారి అడిగితే, పొద్దుటి నుంచీ కరెంటే లేదన్నాడు. ఆ ఒక్క సంగతీ మంగకి చెప్పలేదు.

అల్సర్ అంచులు గులాబీ రంగుకి తిరిగి, లోపలికి జరిగి, ఐదో నెలకి పూర్తిగా మూసుకుంది. చివరిరోజు డాక్టరమ్మగారు మళ్లీ కళ్లు మూసుకోమన్నారు. ఈసారి నాకు బాగా తెలుస్తోంది. తగిలింది అన్నాను. ఇప్పుడు మడమ దగ్గర అన్నాను. ఇప్పుడు వేలి మీద అన్నాను. కళ్లు తెరిచేసరికి నైలాను పోగు ఆవిడ చేతిలో, నా కాలికి జానెడు దూరంలో ఉంది.

"నేనింకా ముట్టుకోలేదండి" అన్నారు.

తర్వాత ముట్టుకున్నారట. అది నాకు తెలియలేదు.

రీసెర్చ్ పూర్తయ్యాక ఆ రీసెర్చ్ డాక్టరుగారు నన్ను పిలిచి, మీకు పడింది డమ్మీ అని చెప్పారు. నా పెట్టెలో లైటు తప్ప ఇంకేమీ లేదు. బూటు, ఇన్సులిన్, విశ్రాంతి, వీటితోనే మానిందన్నారు. మిగతావాళ్లకి మెషీన్ పనిచేసిందా అంటే లెక్కలు తేలకుండా చెప్పకూడదన్నారు. మరి నా కాల్లో తిరిగిన కరెంటు ఎక్కడిదని అడిగాను.

"మీదేనండి. నరం నడిచేదే కరెంటుతో. దెబ్బతిన్న నరం ఎవరూ ముట్టుకోకపోయినా కబుర్లు పంపిస్తుంది. దాని మాట నమ్మకండి."

ఇంటికొచ్చాక జరిగిన మొదటి పట్టుబడికి నాకు గట్టు మీద కుర్చీ వేశారు. వల సర్దుకుని అందరూ నా కాలి వైపు చూస్తున్నారు. సత్తిబాబు నా పక్కకొచ్చి, "మీరు చూసి చెప్పండి బావగారూ, దిగుతాను" అన్నాడు. అంత జరిగాక కూడా అడిగాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ కాలు ఇక ఆ పనికి పనికిరాదని అందరి ముందూ చెప్పాను. పాతికేళ్ల గొప్ప అలా పోయింది. స్టార్టరు ఆపి, మూడు ఫ్యూజులూ పీకించి నా చొక్కా జేబులో వేసుకుని, టెస్టరుతో కూడా చూపించాక, అప్పుడు దిగమన్నాను. ఇప్పుడు మా చెరువు మీద పద్ధతి అదే.

షుగరున్న వాళ్లకి నేను చెప్పేది ఒకటే. రోజూ స్నానం కాగానే అరికాలి కింద అద్దం పెట్టి కళ్లతో చూసుకోండి, వంగలేకపోతే ఇంట్లోవాళ్లని చూడమనండి. బాగానే ఉన్నానని కాలు చెబితే వినకండి. నాది ఈ రోజుకీ చెబుతూనే ఉంది. సత్తిబాబు నడుం లోతు నీళ్లలో వల లాగుతుంటాడు, మూడు ఫ్యూజులూ నా జేబులో బరువుగా ఉంటాయి, పొడి బూటులో నా ఎడమ కాలు జివ్వుమంటూనే ఉంటుంది. అతను గట్టెక్కేదాకా జేబు తడుముకుంటూ కూర్చుంటాను.