పసుపు కింది వేలిముద్ర

కుసుమకు భయం పుట్టుకతోనే వచ్చింది. కురబలకోటలో బడికి వెళ్ళే రోజుల్లో మేకపిల్ల తుమ్మినా ఉలిక్కిపడేదట. పెద్దయితే అదే పోతుందిలే అన్నారు అందరూ. పోతుందా? ఆ భయం కూడా ఆమెతోపాటే డిగ్రీ పాసై, కంప్యూటరు కోర్సు చేసి, మదనపల్లెలో ఉద్యోగానికి చేరింది.

పోనీ, ఆ ఉద్యోగమైనా భయస్తులకు తగిందా అంటే అదీ కాదు. రెండువేల మూడులో మాజీ సైనికుల సంఘం ఒకటి చుట్టుపక్కల ఊళ్ళలోని పాత పటాలం కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టుకుంది. బర్మాకూ ఈజిప్టుకూ యుద్ధానికి పోయొచ్చిన తాతల డిశ్చార్జి బుక్కులు, మెడళ్ళ కాగితాలు, చెదలు తిని వదిలేసినవన్నీ స్కాన్ చేసి దాచాలి. తర్వాత ఇంటర్నెట్లో ఎవరైనా చూసుకునేలా పెట్టాలి. స్కానరు ముందు కూర్చునే పని కుసుమది. పెత్తనం కుప్పానికి చెందిన రిటైర్డు సుబేదార్ కుప్పుస్వామిది. ఆయన నమస్కారం పెట్టినా ఎవరినో తిడుతున్నట్టే ఉండేది.

"ఉండేది ఉండేట్టే ముందు స్కాన్ తియ్యల్ల. దుమ్ము దులిపేది గూడా తర్వాతే. తెలిసిందా?" అని చేరిన రోజే చెప్పాడు. తెలిసిందని తల ఊపింది. కానీ తర్వాతొకరోజు ఎవరి బుక్కులోంచో రాలిన నశ్యం స్కానరు అద్దానికి అంటుకుంటే, ఆయన వేసిన కేకలకు ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అప్పటినుంచీ ఆమెకు ఆ మాటకన్నా ఆ అద్దమే ఎక్కువ గుర్తుండేది.

పుంగనూరులో కాగితాలు తీసుకునే క్యాంపు పెట్టిన రోజు సోమల నుంచి గౌరమ్మ వచ్చింది. డెబ్భై అయిదు దాటిన మనిషి. గుడ్డలో చుట్టిన మొగుడి డిశ్చార్జి బుక్కును చంటిబిడ్డలా ఒడిలో పెట్టుకుని కూర్చుంది. విప్పితే గుప్పున పసుపు వాసన.

"ఆయుధపూజకు అందురూ కొడవలీ మడకా పెడతారు పాపా. నేను ఇది పెడతా. మా ఆయప్ప ఆయుధం ఇదే గదా," అంది. చివరి పేజీ తెరిచి చూపించింది. అక్కడ ఏటేటా పెట్టిన పసుపూ కుంకుమా ఒకదానిమీద ఒకటి పేరుకుని పెచ్చు కట్టి ఉన్నాయి. "దీని కింద ఆయప్ప ఏలిముద్ర ఉండాది. ఫోటో తీసుకుంటే ఆయుస్సు తగ్గుతాదని ఒగటి గూడా తీయించుకోలా. బాయి తవ్వతా ఉంటే మన్ను ఇరిగి మింద పడె, పొయినాడు. ఈ లోకంలో ఆయప్పది మిగిలింది ఈ ఏలు ఒగటే. బద్రం తల్లీ."

"వచ్చే శుక్రవారం ఈడికే తెచ్చిస్తానవ్వా," అంది కుసుమ.

మర్నాడు మదనపల్లె ఆఫీసులో ఆ పేజీ తెరిచి స్కానరు మీద బోర్లించబోయింది. పసుపు పొడి జలజలా రాలింది. అద్దం! సుబేదారు! ఇంకేం, బుర్ర పనిచేయడం మానేసింది. చటుక్కున బుక్కు పక్కకు తీసి, దూది తడిపి, గట్టిగా పిండి, పసుపు మీద మెల్లగా అద్దింది. పెచ్చు ఊడొచ్చింది. కింద ఊదారంగు ముద్ర బయటపడింది. హమ్మయ్య అనుకుంది పిచ్చిది. ఆ హమ్మయ్య నోట్లో ఉండగానే ఊదారంగు కదిలింది. కంగారుగా మళ్ళీ అద్దింది. అద్దినకొద్దీ ఇంకా పాకింది. చివరికి నేరేడు పండు తిని తుడుచుకున్న మరకలాంటిది మిగిలింది. వేలు లేదు.

కుసుమకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఉండేది ఉండేట్టే స్కాన్ తీసి వదిలేసి ఉంటే పసుపు కిందైనా ఉండేది కదా! ఒక్క అద్దానికి భయపడి ఒక మనిషిని చెరిపేసింది. అన్నం సయించలేదు. ఎవరితో చెప్పుకుంటుంది? ఆ మరకనే స్కాన్ తీసి పెట్టి, మింగలేక కక్కలేక ఆ వారమంతా గడిపింది. ఫోను మోగితే సుబేదారనుకుంది, తలుపు చప్పుడైతే గౌరమ్మ అనుకుంది.

గురువారానికి భయం ముదిరి దొంగబుద్ధి పుట్టింది. బల్లమీద ఊదారంగు స్టాంపు ప్యాడు ఉండనే ఉంది. ఆఫీసు అటెండరు శ్రీరాములును పిలిచింది. "మామా, ఒక ఏలిముద్ర ఎయ్యి," అంది. దేనికని కూడా అడగలేదు మహానుభావుడు. బొటనవేలు ప్యాడుకు అద్ది, "యాడ?" అన్నాడు.

కుసుమ పేజీ తెరిచింది. ఆ లావుపాటి వేలు పేజీ మీదికి వంగింది. రేపటినుంచి ఆ ముసలమ్మ పూజలో పెట్టి కళ్ళకద్దుకునేది ఈ వేలినా అని తట్టగానే ఒళ్ళు జలదరించింది.

"వద్దు మామా! వద్దు!" అని బుక్కు లాక్కుంది.

"ఏం పిల్లో ఏమో," అని శ్రీరాములు వేలికంటిన సిరా తలవెంట్రుకలకు పూసుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం బస్సులో పుంగనూరు దాకా కుసుమ ఎన్ని దేవుళ్ళకు మొక్కిందో ఆ దేవుళ్ళకే తెలియాలి. గౌరమ్మ రాకూడదని మొక్కింది. వచ్చినా బుక్కు తెరవకూడదని మొక్కింది. దిగి చూస్తే గౌరమ్మ అందరికన్నా ముందే వచ్చి క్యాంపు మెట్లమీద కూర్చుని ఉంది. లోపల సుబేదారు, ఆఫీసు నుంచి తెచ్చిన కంప్యూటరు పక్కన కుర్చీలో ఉన్నాడు.

బుక్కు అందుకుని గౌరమ్మ కళ్ళకద్దుకుంది. తెరవలేదు. కుసుమకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇలాగే ఊరికి వెళ్ళిపోతే మళ్ళీ ఆయుధపూజ దాకా చూడదు. అప్పటికి ఎవరు ఎక్కడో!

"ఆయప్ప ఏలు ఆ పెట్టెలో కనపడతాదంట గదా. సూపీ పాపా. దానికోసరమే పొద్దున్నే వచ్చినా," అంది గౌరమ్మ.

కుసుమ కంప్యూటర్లో ఆ పేజీ తెరిచింది. మరక కనిపించింది. గౌరమ్మ కళ్ళు చిట్లించి, దగ్గరికి జరిగి, మళ్ళీ దూరం జరిగి చూసింది. "నాకేం కనపడలేదే."

"పాత సిరా కదమ్మా, వెలిసిపోయుంటుంది," అన్నాడు సుబేదారు వెనకనుంచి. అబద్ధమాడాలని కాదు, నిజంగా అదే అనుకున్నాడు పాపం.

తప్పించుకోవడానికి అంతకన్నా మంచి దారి దొరకదు. కుసుమ నోరు మూసుకుంటే చాలు. కానీ గౌరమ్మ గబగబా బుక్కు తెరిచి, "పసుపు తక్కవ పెట్టినానో, ఎక్కవ పెట్టినానో! నేనే చేసుకున్న్యానా?" అని తన నెత్తిన తానే కొట్టుకుంది.

"నువ్వు కాదవ్వా! నేనే తుడిసేసినా," అంది కుసుమ. "అద్దం పాడవుతాదని నీళ్ళు పెట్టి తుడిసినా. ముందు స్కాన్ గూడా తియ్యలా. యాడా లేదవ్వా ఇంక."

సుబేదారు లేచి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచేలోపే గౌరమ్మ అందుకుంది. "ఎవురు తుడవమన్న్యారు నిన్ను? నీ చేతులు పడిపోను! ఇన్నేండ్లు కాపాడుకోని నీ చేతికి ఇస్తినే!" తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. కుసుమ తల వంచుకుని నిలబడింది.

తిట్లు అయిపోయాక గౌరమ్మ బుక్కులోని ఆ మరకమీద వేలుపెట్టి చూసింది. ఉన్నట్టుండి, "పసుపు తీసినప్పుడు ఉండెనా?" అని అడిగింది.

"ఉండె."

"సూసినావా? నీ కండ్లతో?"

"సూసినానవ్వా."

"నేను సూసి శానా ఏండ్లాయ. పసుపు కిందే ఉండాదిలే అనుకుంటా వచ్చినా. గీకి సూద్దామంటే బయం." గొంతు తగ్గింది. "ఎట్లుండె? చెప్పు."

కుసుమ కళ్ళు మూసుకుంది. వారం రోజులుగా కళ్ళు మూస్తే చాలు ప్రత్యక్షమవుతున్నది అదేగా! "వెడల్పు ఏలవ్వా. గీతలు దగ్గర దగ్గరగా ఉండె. కింద ఎడంపక్క నుంచి పైకి అడ్డంగా ఒక తెల్లగీత, తెగిన గాయం మాదిరి."

గౌరమ్మ ముఖం ఒక్కసారి మారిపోయింది. "కొడవలికి తెగింది. పెండ్లయిన కొత్తలో, నా కోసరం చెరుకు కోస్తా. నేనే గుడ్డ కట్టినా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కుసుమ చెయ్యి పట్టుకుని కంప్యూటరు ముందుకు లాగింది. "రాయి. ఇప్పుడు చెప్పిందంతా దాంట్లో రాయి. కడసారి సూసినదానివి నువ్వే. నువ్వు మర్సిపోతే ఆయప్ప ఏలు ఇంక యాడా లేదు."

సుబేదారు గొంతు సవరించుకుని, పేజీ కింద వివరాలు రాసే గడి చూపించాడు. "చూసినవాళ్ళ పేరుండాలమ్మా. తుడిచిందెవరో కూడా ఉండాల. ఇది లోకమంతా చూస్తాది."

 కుసుమ టైపు చేసింది. వెడల్పు వేలు, అడ్డగీత, కొడవలి, చెరుకు. ఆ కింద తుడిచినది ఎవరు అన్నచోట వేళ్ళు ఆగాయి. గౌరమ్మ ఆమె చెయ్యి ఇంకా వదల్లేదు. కుసుమ రెండో చేత్తోనే తన పేరు రాసింది.